చుక్క రా మేనత్త

4,016వ రోజు

పొద్దున్నే పేర్ల చావడి తలుపు తీసి, యంత్రం మీద పేరుకున్న ఉప్పు తుడిచి, దానికి కరెంటిచ్చే ఎండ పలకలు కడిగి, గోడ మీది జనాభా బోర్డు చూశాను. రోజూ చూస్తాను, అది నా ఉద్యోగంలో ఒక పని. నిన్న సాయంత్రం దాకా దాని మీద 43 అని ఉంది. ఈ రోజు 19,206 అని ఉంది.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. బోర్డుని అరచేత్తో రెండు దెబ్బలు వేశాను. మారలేదు. బయటికెళ్ళి సముద్రం మధ్యనున్న మా దిబ్బ చుట్టూ ఒకసారి నడిచి వచ్చాను, ఇరవై నిమిషాలు పట్టింది. నిన్న ఉన్నవాళ్ళే ఉన్నారు. ఎవరింట్లోనూ పురుడు రాలేదు. పడవ రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. మరి ఈ పంతొమ్మిది వేల చిల్లర మంది ఎక్కడ పడుకున్నట్టు?

అప్పతో చెప్పాను. అప్ప అంటే మా అక్క కాసులమ్మ. నాకు యాభై ఆరు, ఆవిడకి అరవై ఎనిమిది. నేను పేర్ల గుమాస్తా దానయ్యని, ఆవిడ చావడి మేనత్త. ఎండుచేపలు తిరగేస్తూ నా మాట సగమే వింది.

"సెడిపోయుంటాదిరా దానియ్యా. ఈ ఉప్పుగాలికి నా మోకాలే పనిసెయ్యట్లేదు, ఆ బోర్డు పనిసేస్తాదేటి?"

సరే అనుకుని పనిలో పడ్డాను. ఈ రోజు అంతర్జాలంలో చిరునామాలకని అడిగిన కొత్త పేర్లు ఐదు: తిందాం.రా, లే.రా, దొంగెవడు.రా, ఏడవకు.రా, ఇంకోసారి ఆలోచించు.రా. చివరిది పెళ్ళి కుదిరిన మగవాళ్ళకి సలహాలిచ్చే ఆయనదట.

మాది రాళ్ళదిబ్బ కనక, దేశానికో అక్షరం పంచే పేర్ల సమితి వాళ్ళు మా దేశానికి 'రా' అక్షరం ఇచ్చారు. మా పేర్లన్నీ చుక్క పెట్టి రాతో ముగుస్తాయి. అందులో నవ్వడానికి ఏముందో నాకు ఈ పదకొండేళ్ళలో తెలియలేదు. సముద్రానికి అందని మెట్ట నగరాల్లో తెలుగు మాట్లాడే ప్రతి గడుగ్గాయికీ మాత్రం మా అక్షరమే కావాలి. ఒకడు ఎక్కడ చచ్చావు.రా అని అడిగితే, నేను ఇక్కడే చావడిలోనే ఉన్నానని మర్యాదగా జవాబు రాశాను. అప్ప ఆ పూటంతా నవ్వింది. మాకు ఉత్తరాన ఉన్న పోకదిబ్బ వాళ్ళకి 'పో' వచ్చింది. పాపం, అలిగినవాళ్ళు తప్ప వాళ్ళ అక్షరం ఎవరూ అడగరు.

మా దగ్గర పేరు ఊరికే పెట్టెయ్యం. బిడ్డకైనా పడవకైనా మేనత్త చెవిలో మూడుసార్లు చెబితేనే అది పేరు. చెప్పినావిడ ఆ పేరుకి జన్మంతా బాధ్యురాలు. సమితి దరఖాస్తులో కూడా 'ఈ పేరుకు బాధ్యులు, వరస' అని ఒక గడి ఉంటుంది. అందులో ఏం రాయాలో మాకు ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది. యంత్రానికి చెవి లేదు కనక అప్ప గాలి కన్నం దగ్గర నోరు పెట్టి "దొంగెవడు రా, దొంగెవడు రా, దొంగెవడు రా" అని చెప్పి, మెటికలు విరుస్తుంది. నేను గడిలో 'కాసులమ్మ, మేనత్త' అని రాస్తాను. రోజుకి నాలుగో ఐదో.

సాయంత్రం మళ్ళీ చూశాను. 19,211.

4,018వ రోజు

యంత్రంలో సమితి నుంచి ఉత్తరం వచ్చింది. మొదటి వాక్యంలో మాకు అభినందనలు చెప్పారు. ఈ ఏడు భూమ్మీద అన్నిటికంటే వేగంగా పెరిగిన దేశం రాళ్ళదిబ్బట. మిగతాది మూడుసార్లు చదివాను. అక్షరాలన్నీ తెలిసినవే, విషయం మాత్రం తలకెక్కలేదు.

నాలుగోసారికి ఇంత తెలిసింది. అన్ని దేశాల పేర్ల పుస్తకాలనీ ఒకే లెక్కల యంత్రంలో కలిపారు. ఎవరి పేరు పక్కన ఏ దేశంలో చుట్టరికం రాసి ఉంటే, వాళ్ళు ఆ దేశం మనుషులు. వేరే చోట ఉంటున్నవాళ్ళని సొంత దేశానికి పంపేస్తారు. ఇంకొక నిబంధన కూడా ఉంది. వంద మంది లేని దేశానికి ఇకమీదట అక్షరం ఉండదు.

"మన పేర్లు అడిగినోళ్ళందర్నీ మన మనుసులని రాసీసినారప్పా," అన్నాను.

"మన మనుసులే కదేటి?" అంది అప్ప, తల ఎత్తకుండా. మధ్యాహ్నం నుంచి పొద్దుపోయేదాకా ఆవిడ రాతబల్ల దగ్గర కూర్చుంటుంది. పేరు చెప్పిన మేనత్త యోగక్షేమాలు కనుక్కోవాలి కదా. రోజుకి నలభై మందికి రాస్తుంది, ఒంటి వేలితో. ఒక్కొక్కరి వంతు ఏడాదిన్నరకోసారి వస్తుంది. ఎవరేం జవాబిచ్చారో ఆవిడకే గుర్తు. నేనెప్పుడూ చదవలేదు, నాకు నా గడులతోనే సరిపోయేది.

4,020వ రోజు

పడవ వచ్చింది. బియ్యం, ఉప్పునీటిని మంచినీరు చేసే మా నీళ్ళ యంత్రానికి రెండు జల్లెడలు, ఒక మనిషి దిగాయి.

మనిషికి నలభై ఏళ్ళుంటాయి. తెల్ల కోటు మీద ఎవరిదో జుట్టు అంటుకుని ఉంది. చేతిలో తోలు సంచి.

"ఇదేనా రాళ్ళదిబ్బ?"

"అవును బావూ. తమరెవరు?"

"ఏకాంబరం. మొన్నటిదాకా మెట్ట నగరం వాణ్ణి. ఇప్పుడు ఇక్కడి వాణ్ణట. ఎందుకో మీరే చెప్పాలి."

అతను మంగలి. దుకాణానికి కత్తిరిద్దాం.రా అని పేరు పెట్టుకున్నాడు. ఒక ముసలాయనకి సగం గడ్డం గీస్తుండగా ఇద్దరు వచ్చి, నీ దేశం ఇది కాదు, పద అన్నారట. మిగతా సగం ఎవరు గీశారోనన్నది అతని బాధ. భార్య, ఇద్దరు కూతుళ్ళు అక్కడే ఉండిపోయారు. వాళ్ళకి చుక్క రా పేర్లు లేవు.

దరఖాస్తు తీసి చూపించాను. అతను చదివాడు, నా మొహం చూశాడు, మళ్ళీ చదివాడు. ఇంతలో అప్ప బిందె చంకన పెట్టుకుని వచ్చింది.

"ఓలమ్మ! నువ్వు కత్తిరిద్దాం గాడివి కాదేటిరా? సిన్నదానికి దగ్గు తగ్గినాదా?"

ఏకాంబరం సంచి కింద పెట్టేశాడు. "ఈవిడెవరు?" అని నన్ను మెల్లగా అడిగాడు.

"మీ మేనత్త," అన్నాను. కాగితంలో అలాగే ఉంది మరి.

4,023వ రోజు

ఏకాంబరం మా ఇంట్లోనే ఉంటున్నాడు. మూడు రోజుల్లో దిబ్బ మీద అందరికీ జుట్టు కత్తిరించాడు. పని లేకపోతే పిల్లలు గుర్తొస్తారని అతనే చెప్పాడు. నాకైతే పదేళ్ళు తగ్గినట్టుందని అందరూ అంటున్నారు. నాకు అద్దంలో వేరే ఎవరో కనిపిస్తున్నారు.

ఈ మధ్యాహ్నం అప్ప రాతబల్ల దగ్గర ఉండగా అతను చావడిలోకి వచ్చాడు. ఆవిడ వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కడం చాలాసేపు చూశాడు.

"ఈ ఉత్తరాలు... మీరు రాస్తారా?"

"మరెవులు రాస్తారు?"

అతను పక్కన బోర్లించిన బిందె మీద కూర్చున్నాడు. "మేమందరం అది యంత్రం అనుకున్నామండీ. చుక్క రా తీసుకుంటే మేనత్త కూడా వస్తుంది అని మా ఊళ్ళో ఒక హాస్యం. నాకు జ్వరమని రాస్తే మిరియాల కషాయం ఎలా కాచాలో చెప్పింది. మా ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోతే తప్పు నీదేనని తిట్టింది. ఎంత బాగా తయారుచేశారో అనుకున్నాను."

అప్ప వేలు ఆగిపోయింది. "యంతరం మోకాలు నొప్పని రాస్తాదేటిరా?"

"అందుకే బాగా తయారుచేశారనుకున్నాం అత్తా."

అత్తా అన్న సంగతి అతనికి తెలిసినట్టు లేదు. పదకొండేళ్ళుగా నలభై మందికి, నలభై మందికి చొప్పున రాసిన మనిషి ఈ రోజు ఇరవై రెండు దగ్గర ఆపేసి, పోయి పొయ్యి దగ్గర కూర్చుంది. అప్పుడు గానీ నాకు కోపం రాలేదు. ఎవరి మీద కోపమో తెలియలేదు కనక చావడి రెండుసార్లు ఊడ్చాను.

4,027వ రోజు

ఈ పడవలో పద్నాలుగు మంది వచ్చారు. అందరూ మా పేర్ల తాలూకు వాళ్ళే. లే.రా అని లోకాన్ని పొద్దున్నే నిద్ర లేపే ఆయన దిగగానే నీడ చూసుకుని పడుకున్నాడు. మా నీళ్ళ యంత్రం రోజుకి అరవై బిందెలిస్తుంది. ఈ రోజు స్నానాలు ఆపించాను.

వాళ్ళతో పాటు సమితి అధికారి విశారద వచ్చారు. ముప్పై ఏళ్ళ అమ్మాయి, మాట నెమ్మది. చావడిలో ఊరంతటినీ కూర్చోబెట్టి రెండు కాగితాలు పరిచారు.

"కాసులమ్మగారూ, ఈ గడిలో రాసింది నిజమైతే మొదటి కాగితం మీద సంతకం పెట్టండి. పంతొమ్మిది వేల మందీ మీ దేశస్థులే. పడవకి కొందరు చొప్పున అందర్నీ ఇక్కడికి పంపిస్తాం. పొరపాటుగా రాశామంటే రెండో కాగితం. అప్పుడు మీరు నలభై మూడు మందే. వందకి తక్కువ కనక అక్షరం పోతుంది. అక్షరం లేకపోతే దేశం కాదు, పడవ రాదు, జల్లెడలు రావు. మిమ్మల్ని నగరంలో ఎక్కడ గది ఖాళీ ఉంటే అక్కడ ఒక్కొక్కరిని సర్దుతాం."

"ఒక్కొక్కరినా?" అన్నాను. "అప్పా నానూ...?"

"గదికి ఒక్కరేనండీ. బయట చుట్టాలుండి, మా మనిషే అని చెబితే వేరే సంగతి."

మాకు బయట చుట్టాలు లేరు. ఉన్నవాళ్ళందరం ఆ గదిలోనే ఉన్నాం.

"మధ్యలో ఇంకో గడి ఏదైనా ఉంటాదేమో సూడమ్మా," అని అడిగాను.

"లేదండీ. నేనూ వెతికాను."

వచ్చే పడవ దాకా గడువిచ్చారు, ఆవిడా అందాకా ఇక్కడే ఉంటారు.

4,029వ రోజు

ఏకాంబరం ఒక దారి చూపించాడు. వంద అయితే చాలు కదా, నలభై మూడుకి ఇంకో యాభై ఏడు మంది ఒప్పుకుంటే దేశం నిలబడుతుంది, మిగతావాళ్ళని కాదనెయ్యొచ్చు అన్నాడు. విశారదని అడిగితే, అలా చెయ్యొచ్చన్నారు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, స్నానాలు మళ్ళీ మొదలుపెట్టమందామనుకున్నాను.

"నేనొకణ్ణి," అన్నాడు ఏకాంబరం. "మిగతా యాభై ఆరు మందికి రాద్దాం."

అప్ప అడిగింది, "ఒప్పుకున్నోళ్ళు ఎక్కడుండాల?"

"ఇక్కడే," అన్నారు విశారద. "ఇక వేరే చోట ఉండే హక్కు ఉండదు."

"నీ పెళ్ళాం పిల్లలురా?"

ఏకాంబరం తన సంచి పట్టీ సర్దుకుంటూ ఉండిపోయాడు. అప్ప అతన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. "రెండో కాయితం తియ్యిరా దానియ్యా."

నేను లేచి నిలబడి అరిచాను. అప్ప మీద నేను అరవడం అదే మొదలు. "ఎవులో నవ్వులకి పేరెట్టుకున్నోళ్ళ కోసం మన ఊరు ఒదిలేస్తావా? నిన్ను యంతరం అనుకున్నోళ్ళు ఆలు!"

"అనుకోనీ. నాను అనుకోనేదు కదా." ఆవిడ గొంతు పెంచలేదు. "సముద్రం రెండూర్లు మింగడం సూసినాను, మూడోది కూడా సూడగల్ను. మూడుసార్లు సెవిలో పేరు సెప్పి, ఆ మనిసినే ఇల్లొదిలించి రమ్మంటే, నానేటి మేనత్తని?"

తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. సాయంత్రానికి ఊరు ఒప్పుకుంది. ఒప్పుకుందంటే, కాదనడానికి ఎవరికీ మాట దొరకలేదు. రెండు ఇళ్ళవాళ్ళు మాత్రం అప్పతో మాట్లాడడం మానేశారు. నేనూ రాత్రి అన్నం దగ్గర మాట్లాడలేదు. ఆవిడ నాకే పెద్ద చేపముక్క వేసింది, అది చూసి ఇంకా ఒళ్ళు మండింది.

4,034వ రోజు

పడవ వచ్చిన రోజు. సంతకం ఒక్కటే చాలదట, నోటితో కూడా చెప్పాలి. యంత్రం వింటుంది.

"వీళ్ళెవరూ నాకేమీ కారు అని చెప్పండి," అన్నారు విశారద, కాగితం వైపు చూస్తూ.

అప్ప బిందె దగ్గరికి వెళ్ళింది. మంచినీళ్ళు తాగింది. ఏకాంబరానికీ, ఆ పద్నాలుగు మందికీ వీపు తిప్పి, సముద్రం వైపు నిలబడి చెప్పింది. ఒక్కసారే చెప్పింది, గట్టిగా చెప్పింది. నేను బోర్డు చూస్తున్నాను. 43 అయింది. కాసేపటికి అది కూడా పోయి నల్లగా మిగిలింది.

నగరానికి తిరుగు పడవ ఎక్కే ముందు ఏకాంబరం ఆవిడ కాళ్ళకి దండం పెట్టాడు. అప్ప చెయ్యి లేవబోయి ఆగిపోయింది. విశారద చూస్తున్నారు. ఇప్పుడు దీవిస్తే ఆ మనిషి ఈవిడకి ఏదో అవుతాడు, అతన్ని ఇక్కడే ఆపేస్తారని భయం. చేతులు వెనక్కి కట్టుకుని, వాణ్ణి ఎన్నడూ చూడనట్టే నిలబడింది. పడవ వెళ్ళిపోయాక ఇసుకలో అతని కాలిగుర్తుల దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. పక్కన కూర్చున్నాను. నా కోపం ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు.

4,041వ రోజు

చావడి లేదు, కుర్చీ లేదు, రోజుల లెక్క ఇంకా ఎందుకు రాస్తున్నానో తెలియదు. మెట్ట నగరం రేవులో ఒక పొడుగాటి కొట్టంలో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్న నలభై మూడు మందిమీ మా కోసం విడిగా పంపిన పడవలో వచ్చి మూటలతో దిగాం. ఒకే వరసలో నిలబెట్టారు. వరస చివర బల్ల వెనక విశారదే ఉన్నారు. తెలిసిన మొహం కనబడినందుకు సంతోషపడాలో వద్దో అర్థం కాలేదు. ముందు అప్ప, వెనక నేను. అప్ప మూటలో సగం నా బట్టలే ఉన్నాయి, నా మూటలో ఆవిడ మోకాలి నూనె ఉంది. విడివిడి గదులకి పంపేటప్పుడు మార్చుకోవాలని గుర్తుపెట్టుకున్నాను.

"మిమ్మల్ని తమ మనిషి అని చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" విశారద పైకి చదివారు. అందర్నీ అడగాల్సిన ప్రశ్న.

"ఎవులూ నేరు," అంది అప్ప. ఏడు రోజుల కింద యంత్రం ముందు చెప్పిన మాటే కదా.

విశారద ఆ జవాబు కొట్టారు. యంత్రం తీసుకోలేదు. మళ్ళీ కొట్టారు. నుదురు చిట్లించి, తెర కిందికి జరుపుతూ పోయారు. ఎంతసేపు జరిపినా అది అయిపోలేదు.

"కాసులమ్మగారూ, మీరు వాళ్ళని కాదన్నారు."

"అన్నాను గదమ్మా. సంతకం ఎట్టినాను."

"వాళ్ళు మిమ్మల్ని కాదనలేదు." తెర మా వైపు తిప్పారు. "ఏకాంబరం అనే ఆయన దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడట, ఆ ఉత్తరాలు యంత్రం రాయలేదు, మనిషి రాసింది అని. వారం రోజులుగా అర్జీలు వస్తూనే ఉన్నాయి. ఆరు వేల మూడు వందల నలభై మంది, కాసులమ్మ మా మేనత్త, మా దగ్గరికి పంపండి అని రాశారు. ఆశ్రయం ఇవ్వడానికి ఒక వైపు నుంచి చెబితే చాలు. వాళ్ళు ఎక్కడికీ కదలక్కర్లేదు."

అప్ప పైట నోటికి అడ్డం పెట్టుకుంది. పేర్లు చదువుతోంది. తిందాం, ఏడవకు, దొంగెవడు, కత్తిరిద్దాం. ఒక్కో పేరుకీ తల ఊపుతోంది. నాకు సంతోషమే, కానీ ఆవిడ వెళ్ళిపోతుంది, నాకు ఏదో ఒక గది ఖాళీగా ఉంటుంది. మూట విప్పి మోకాలి నూనె తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

"తర్వాత?" అన్నారు విశారద.

"దానయ్య. పెళ్ళి కానేదు. పిల్లల్నేరు. నాకెవులూ నేరమ్మా, ఈవిడే."

విశారద రాయబోయి ఆగారు. "మీరు కాసులమ్మగారికి తమ్ముడు కదూ?"

"అవునమ్మా."

"ఆవిడకి ఇంకెవరైనా అన్నదమ్ములు?"

"నానొక్కణ్ణే."

విశారద అప్పని చూశారు, తెరని చూశారు, నన్ను చూశారు. ఎందుకు నవ్వుతున్నారో, ఎందుకు కళ్ళు తుడుచుకుంటున్నారో నాకు తెలియలేదు. "మీ వెనకవాళ్ళని కూడా మీకు ఏమవుతారో చెప్పమనండి. బావలు, వదినలు, అందరివీ రాస్తాను," అంటూనే నా కాగితం మీద ఏదో రాసి, సంతకానికి తిప్పారు.

పేరు దగ్గర నా పేరు ఉంది. వరస దగ్గర 'తండ్రి' అని ఉంది.

మేనత్త అని ఈ చేత్తోనే పంతొమ్మిది వేల సార్లు రాశాను. ఆ మేనత్తకి తోడబుట్టినవాడు వాళ్ళకి ఏమవుతాడని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"ఎంతమందికమ్మా?" అని అడిగాను.

"అందరికీనండీ. ఆవిడ ఎక్కడుంటే మీరూ అక్కడే."

నాకేమీ అర్థం కాలేదు. అప్ప కాగితం కదలకుండా పట్టుకుంది. సంతకం పెట్టాను.